బిల్ట్‌మోర్: మేడ కట్టినవాళ్లు, అడవి పెంచినవాళ్లు

(పాత కట్టడాల పరిరక్షణ గురించి ఒడిశాలోని పర్లాకిమిడిలో జరిగిన సభలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

పెద్దలకు, మిత్రులకు, వెనక వరుసల్లో కూర్చున్న విద్యార్థులకు నమస్కారం.

మన కోట మ్యూజియం అయితే బాగుండునని పర్లాకిమిడిలో అనుకోనివాళ్లు తక్కువ. ఆ మాట అనుకున్నప్పుడల్లా మన కళ్లముందు మెదిలేవి సింహాసనం, పల్లకి, కత్తులు, గోడమీద పులితల, రాజావారి తైలవర్ణ చిత్రం. అవి ఉండవలసినవే. కానీ అవి మాత్రమే ఉంటే ఆ ఇంటి చరిత్రలో సగం కూడా మనకు దక్కదు. ఈ సంగతి చెప్పడానికి చాలా దూరపు ఇంటి కథ ఎత్తుకుంటున్నాను. అమెరికాలో నార్త్ కరోలైనా రాష్ట్రంలో, యాష్‌విల్ ఊరి పక్కన, బ్లూ రిడ్జ్ కొండల నడుమ బిల్ట్‌మోర్ అనే మేడ ఉంది. మా అమ్మాయి ఆ రాష్ట్రంలోనే ఉంటుంది కాబట్టి దాన్ని తీరిగ్గా చూసే అవకాశం నాకు దొరికింది.

ముందు ఆ డబ్బు ఎక్కడిదో చెప్పుకోవాలి. పెద్ద ఇల్లు చూసినప్పుడు అడగవలసిన మొదటి ప్రశ్న అదే. మన దివాణాలు శిస్తు మీద నిలిచాయి. బిల్ట్‌మోర్ రైలు మీద నిలిచింది. కార్నీలియస్ వాండర్‌బిల్ట్ అనే ఆయన న్యూయార్క్ రేవులో మనుషుల్ని పడవలో దాటిస్తూ జీవితం మొదలుపెట్టి, ఓడలు కొని, చివరికి రైలు కంపెనీలకు యజమాని అయ్యాడు. ఆయన కొడుకు ఆ ఆస్తిని ఇంకా పెంచాడు. ఆ కొడుకు పిల్లల్లో అందరికంటే చిన్నవాడు జార్జ్. అన్నలు రైలు వ్యాపారం చూసుకుంటే ఈయన పుస్తకాలు చదువుకున్నాడు, భాషలు నేర్చుకున్నాడు, దేశాలు తిరిగాడు. 1888లో తల్లితో కలిసి గాలి మార్పు కోసం యాష్‌విల్ వచ్చి ఆ కొండల్ని చూసి అక్కడే ఇల్లు కట్టుకోవాలనుకున్నాడు. తన పేరు బయటపడితే ధర పెరుగుతుందని మనుషుల్ని పెట్టి ముక్కలు ముక్కలుగా భూమి కొనిపించాడు. చివరికి అది 1,25,000 ఎకరాలకు చేరింది. అంటే సుమారు 500 చదరపు కిలోమీటర్లు.

ఇంటి రూపకల్పన రిచర్డ్ మోరిస్ హంట్‌ది. ఫ్రాన్స్‌లో లువార్ నది లోయలో రాజులు కట్టుకున్న మేడలున్నాయి. వాటిని చూసి వచ్చి, అలాంటిది కొండమీద నిలబెట్టారు. 1889లో పని మొదలైంది. 1895 క్రిస్మస్ ముందురోజు రాత్రి గృహప్రవేశం. మొత్తం 250 గదులు. పడకగదులు 35, స్నానాల గదులు 43, చలిమంట గూళ్లు 65. నేలవైశాల్యం నాలుగు ఎకరాలు. ఆ రోజుల్లోనే విద్యుత్తు, లిఫ్టు, ఇంటిలోపల ఈతకొలను. అంకెలు ఇంతటితో ఆపుతాను. ఎవరు కట్టారన్నది అంతకంటే ముఖ్యం.

సామగ్రి చేర్చడానికి ప్రధాన రైలు మార్గం నుంచి కొండమీదికి మూడు మైళ్ల దారి ప్రత్యేకంగా వేశారు. గోడల రాయి ఇండియానా రాష్ట్రం నుంచి వచ్చింది. ఇటుక అక్కడే కాల్చారు. ఆ బట్టీలో రోజుకు 32,000 ఇటుకలు తయారయ్యేవి. సుమారు వెయ్యి మంది పనిచేశారు, వాళ్లలో అరవై మంది రాతి పనివాళ్లు. రైలుకూ పెద్ద ఇంటికీ ఉన్న ఈ చుట్టరికం మనకు కొత్త కాదు. అదే దశాబ్దం ముగిసేసరికి, 1900లో, నౌపడ నుంచి పర్లాకిమిడికి రెండున్నర అడుగుల వెడల్పు పట్టాల మీద చిన్న రైలు వచ్చింది. అది మన రాజావారు వేయించిన రైలు. 1931 నాటికి గుణుపురం దాకా సాగింది. ఆ రైల్లో ప్రయాణం చేసినవాళ్లు ఈ సభలోనే చాలామంది ఉన్నారు. దాన్ని వేయించింది ఎవరో మనందరికీ తెలుసు. గట్టు పోసిందెవరు, పట్టాలు మోసిందెవరు, గుణుపురం వైపు రాళ్లు కొట్టిందెవరు అంటే చెప్పడానికి మన దగ్గర ఒక్క పేరూ లేదు.

బిల్ట్‌మోర్‌లో నన్ను కదలనివ్వకుండా నిలబెట్టినది రెండో అంతస్తు హాలు. అక్కడ జాన్ సింగర్ సార్జెంట్ అనే గొప్ప చిత్రకారుడు వేసిన రెండు నిలువెత్తు చిత్రాలున్నాయి. ఒకటి ఇంటిని గీసిన హంట్‌ది. రెండోది తోటనూ చుట్టుపక్కల భూమినీ తీర్చిన ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్‌ది. న్యూయార్క్ నగరం నడిమధ్య ఉన్న సెంట్రల్ పార్కును రూపొందించినవారిలో ఈయన ఒకడు. ఇంటాయన తన ఇంటి గోడమీద ఆ ఇంటిని రూపొందించిన ఇద్దరి చిత్రాలు వేయించి పెట్టుకున్నాడు. మన దేశంలో ఎన్ని మేడల్లో ఇలాంటిది చూశామో ఆలోచించండి.

ఆ చిత్రాల వెనక ఉన్న కథ ఇంకా బరువైనది. 1895 వేసవిలో అవి గీస్తున్నప్పుడు హంట్ జబ్బుగా ఉన్నాడు. ఆ జూలైలోనే పోయాడు. తను గీసిన ఇంట్లో దీపాలు వెలగడం ఆయన చూడలేదు. ఓమ్‌స్టెడ్‌కు అప్పటికే జ్ఞాపకశక్తి తగ్గిపోతోంది. చిత్రం పూర్తికాకముందే ఆయన్ని అక్కడి నుంచి తీసుకెళ్లిపోవలసి వచ్చింది. మిగిలిన భాగం కోసం ఆయన కొడుకు తండ్రి బట్టలు తొడుక్కుని నిలబడ్డాడని చెబుతారు. చిత్రంలో ఆ ముసలాయన చేతికర్ర పట్టుకుని, తను నాటించిన పొదల మధ్య నిలుచుని ఉంటాడు. ముఖం తండ్రిది, నిలబడ్డ ఒళ్లు కొడుకుది. ఈ సంగతి తెలిశాక ఆ చిత్రం ముందు నుంచి త్వరగా కదల్లేం.

ఓమ్‌స్టెడ్ అక్కడ చేసిన పని ఇంటికంటే పెద్దది. ఎక్కడ చూసినా ఉద్యానవనమే కావాలని జార్జ్‌కు ఉండేది. ఆ నేల చూసి ఓమ్‌స్టెడ్ వద్దన్నాడు. ఏళ్ల తరబడి చెట్లు కొట్టేసి, ఒకే పంట వేసి వేసి నేల సారం పోయింది. ఇంటి చుట్టూ తోట వేసుకోండి, ఏటి ఒడ్డు పల్లంలో వ్యవసాయం చేయండి, మిగిలినదంతా అడవిగా పెంచండి అని సలహా ఇచ్చాడు. అడవిని ఒక పద్ధతి ప్రకారం పెంచి, కోసుకుని, మళ్లీ పెంచడం అమెరికాలో అప్పటికి ఎవరికీ అలవాటు లేని పని. దానికోసం 1892లో గిఫర్డ్ పింషో అనే యువకుణ్ణి పిలిపించారు. తర్వాత రోజుల్లో అమెరికా అటవీ శాఖకు మొదటి అధిపతి అయినవాడు ఈయనే. 1895లో కార్ల్ షెంక్ అనే జర్మన్ అటవీ నిపుణుడు వచ్చాడు. ఆయన 1898లో ఆ ఎస్టేటులోనే బడి పెట్టాడు. అమెరికాలో అదే మొదటి అటవీ పాఠశాల. పొద్దున పాఠం, మధ్యాహ్నం అడవిలో పని. 1913లో మూతపడేలోగా అది తయారుచేసిన విద్యార్థులు దేశమంతా చెట్ల పని చేశారు.

1914లో జార్జ్ హఠాత్తుగా చనిపోయాడు. అపెండిక్స్ శస్త్రచికిత్స తర్వాత వచ్చిన ఇబ్బందితో పోయాడు. భార్య ఈడిత్ సుమారు 87,000 ఎకరాల అడవిని ప్రభుత్వానికి అమ్మింది. ఎకరానికి అయిదు డాలర్లు కూడా పడలేదు. తక్కువ ధరే అయినా ఆ అడవి అడవిగానే ఉండాలన్నది ఆమె కోరిక. 1916లో ఏర్పడిన పిస్గా జాతీయ అటవీప్రాంతానికి అదే పునాది. నన్నడిగితే బిల్ట్‌మోర్ ప్రపంచానికి ఇచ్చిన అసలైన ఆస్తి ఇదే. ఆ మేడ లేకపోయినా అమెరికాకు పెద్ద లోటు ఉండేది కాదు, ఫ్రాన్స్‌లో అసలు మేడలు ఉండనే ఉన్నాయి. ఆ అడవి లేకపోతే మాత్రం లోటే.

ఇక్కడ ఇంకో వైపు కూడా చూడాలి. ఆ 1,25,000 ఎకరాలు మనుషులు లేని నేల కాదు. కొండల్లో చిన్న చిన్న రైతులుండేవారు. వేట, పశువుల మేత, వంటచెరకు, కాస్త మొక్కజొన్న, అదీ వాళ్ల బతుకు. ఎస్టేటు హద్దురాళ్లు పడ్డాక వాళ్లు తాతల నాటి నుంచి చేస్తున్న పనులే తప్పులయ్యాయి. మహేంద్రగిరి చుట్టూ పోడు చేసుకునే సవరల ముందు ఈ మాట చెబితే వాళ్లకు వివరణ అక్కర్లేదు. రిజర్వు అడవి అనే మాట ఎలా వచ్చి మీద పడుతుందో వాళ్లకు తెలుసు. అడవి నిలిచిందని నేను సంతోషించాను, ఇప్పుడూ సంతోషిస్తున్నాను. దానికోసం కొండ దిగినవాళ్లున్నారన్నది కూడా అదే చరిత్ర. రెండింటినీ కలిపే చెప్పాలి.

షైలో అనే పల్లె గురించి చెప్పకుండా ముందుకు వెళ్లలేను. అంతర్యుద్ధం తర్వాత బానిసత్వం నుంచి బయటపడిన నల్లజాతి కుటుంబాలు అక్కడ భూమి కొనుక్కుని స్థిరపడ్డాయి. ప్రార్థనా మందిరం కట్టుకున్నాయి, శ్మశానం ఏర్పరచుకున్నాయి. వాండర్‌బిల్ట్ మనుషులు ఆ భూములు కొన్నారు. డబ్బిచ్చే కొన్నారు. మనుషులు కదిలారు, మందిరం కదిలింది, సమాధులు కూడా కదిలాయి. వేరే చోట షైలో అనే పేరుతోనే మళ్లీ పల్లె వెలిసింది. బానిసత్వం పోయాక మొదటిసారి సొంతం చేసుకున్న నేల అది. తల్లిదండ్రుల్ని పూడ్చిన చోటును తవ్వి తీసుకెళ్లవలసి రావడానికి ఏ ధర కడతాం? షైలో ఆ మేడ గదుల్లో లేదు. అది భూమి పత్రాల్లో ఉంది, ఉత్తరాల్లో ఉంది, ఆ పల్లె పెద్దల జ్ఞాపకాల్లో ఉంది.

అదే జార్జ్ వాండర్‌బిల్ట్ యాష్‌విల్‌లో నల్లజాతి యువకుల కోసం భవనం కట్టడానికి డబ్బిచ్చాడు. 1893 నాటికి అది సిద్ధమైంది. మేడ పనిలో చేయి తిరిగిన నల్లజాతి పనివాళ్లే దాన్ని కట్టారు. తర్వాత ఆ సమాజమే దాన్ని సొంతం చేసుకుంది. ఇవాళ్టికీ అది వాళ్ల సాంస్కృతిక కేంద్రం. ఒకే మనిషి చేతిమీదుగా ఒక పల్లె కదిలింది, ఒక భవనం లేచింది. ఆయన మంచివాడా చెడ్డవాడా అని తీర్పు చెప్పడం నా ఉద్దేశం కాదు. రెండు కాగితాలూ ఒకే పెట్టెలో ఉండాలంటున్నాను.

ఇల్లు మ్యూజియం ఎలా అయిందో చెప్పాలి కదా. గొప్ప ఆశయంతో కాదు, అవసరంతో అయింది. 1930లో ఆర్థిక మాంద్యం ముంచుకొచ్చినప్పుడు, యాత్రికులు వస్తే ఊరికి నాలుగు డబ్బులు వస్తాయని పట్టణ పెద్దలు అడిగితే, జార్జ్ కూతురు కార్నీలియా, ఆమె భర్త జాన్ సెసిల్ తలుపులు తెరిచారు. అది మార్చి నెల. అదే ఏడాది నవంబరులో యాష్‌విల్‌లో పెద్ద బ్యాంకు కూలిపోయింది. ఆ ఊరు తన అప్పుల్ని ఎగ్గొట్టకుండా తీర్చుకుంటూ పోయింది, 1976 దాకా తీర్చింది. ఒక ఊరు అంతకాలం ఓర్చుకోవడం నాకు మేడకంటే గొప్పగా కనిపించింది.

రెండో ప్రపంచయుద్ధం వచ్చింది. వాషింగ్టన్ మీద బాంబులు పడతాయేమోనన్న భయంతో జాతీయ చిత్రశాలలోని విలువైన కళాఖండాల్ని 1942 జనవరిలో రైల్లో ఇక్కడికి తరలించారు. 62 చిత్రాలు, 17 శిల్పాలు. రఫేల్, రెంబ్రాంట్, వెర్మీర్ చేతి చిత్రాలు వాటిలో ఉన్నాయి. దాచింది ఎక్కడ? జార్జ్ కాలంలో పూర్తికాకుండా వదిలేసిన సంగీతం గదిలో. గోడలు పూతలేక బోసిగా ఉన్న గదికి ఇనుప తలుపులు బిగించి, కాపలా పెట్టి, 1944 దాకా అక్కడే ఉంచారు. యాత్రికులు పక్క గదుల్లో తిరుగుతూనే ఉన్నారు, లోపల ఏముందో వాళ్లకు తెలియదు.

యుద్ధం తర్వాత ఇల్లు నష్టాల్లో పడింది. 1960లో జార్జ్ మనవడు విలియం సెసిల్ బ్యాంకు ఉద్యోగం వదిలి వచ్చాడు. ముక్కలు చేసి అమ్మేయమని చెప్పినవాళ్లు ఉన్నారు. ఆయన ఒక్కొక్క గదే బాగుచేయిస్తూ, టికెట్ల డబ్బుతోనే నడుపుకుంటూ వచ్చాడు. 1968లో మొదటిసారి లాభం కనబడింది. ఎంతో తెలుసా? 16 డాలర్ల 34 సెంట్లు. ఆ ఇల్లు ఈనాటికీ ఆ కుటుంబం చేతిలోనే ఉంది. చుట్టూ ఎనిమిది వేల ఎకరాలు మిగిలాయి.

ఇప్పుడు ఆ ఇంటి కింది అంతస్తుకు రండి. విద్యార్థులు ఇది శ్రద్ధగా వినాలి. పైన భోజనశాల కప్పు డెబ్బై అడుగుల ఎత్తున ఉంటుంది. కింద వంటశాలలు, సామాన్ల కొట్లు, పనివాళ్ల గదులు. అక్కడ బట్టలు ఉతికే గది ఉంది. గోడలోకి జొప్పించిన నిలువు చట్రాలు ఉంటాయి. ఒక్కొక్కదాన్ని పిడి పట్టుకుని బయటికి లాగి, తడిబట్ట ఆరేసి, మళ్లీ గోడలోకి నెట్టాలి. లోపలి వేడికి బట్ట ఆరుతుంది. ఆ పిడి ఎత్తు చూశాను. నా భుజానికి కాస్త కింద ఉంది. రోజుకు ఎన్నిసార్లు దాన్ని లాగి ఉంటారో, ఆ వేడిలో ఎంతసేపు నిలబడి ఉంటారో చెప్పడానికి పక్కన వేరే బోర్డు అక్కర్లేదు. ఆ మేడ నిజంగా మ్యూజియంగా కనబడింది నాకు ఆ గదిలోనే. వంటవాళ్ల గురించి, చాకలి పనివాళ్ల గురించి, తోటమాలుల గురించి అక్కడివాళ్లు చెప్పగలుగుతున్నారంటే కారణం ఉంది. జీతాల లెక్కలు, కొనుగోలు రసీదులు, ఉత్తరాలు పారేయకుండా దాచారు. అక్కడ పనిచేసిన వృద్ధుల దగ్గర కూర్చుని వాళ్లు చెప్పింది రికార్డు చేసుకున్నారు.

మన కోట దగ్గరికి వస్తాను. దానికి రూపకల్పన చేసింది రాబర్ట్ చిషోమ్ అని చెప్పుకుంటాం. మద్రాసు సెనేట్ హౌస్ కట్టిన ఆయన. ఆ పేరు మనకు తెలుసు. ఆయన గీసిన గీతను గోడగా నిలబెట్టిన తాపీమేస్త్రీ పేరు మనలో ఎవరికైనా తెలుసా? సున్నం ఎక్కడ కాల్చారు, ఏ గానుగలో కలిపారు, దూలాల కర్ర ఏ కొండ దిగి వచ్చింది? కృష్ణచంద్ర గజపతివారు ఒడిశా రాష్ట్రం కోసం చేసిన పని, 1937లో ఆ రాష్ట్రానికి తొలి ప్రధానమంత్రి (అప్పట్లో ముఖ్యమంత్రిని అలాగే పిలిచేవారు) కావడం, జిల్లాకు ఆ వంశం పేరు రావడం మన పిల్లలకు బడిలోనే తెలుస్తాయి. తెలియాలి కూడా. గిడుగు రామమూర్తిగారు రాజావారి బడిలో పంతులుగా పనిచేస్తూ ఇంట్లో ఒక సవర కుర్రవాణ్ణి పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారని, సవర నిఘంటువు, వ్యాకరణం తయారుచేశారని కూడా మనం గర్వంగా చెప్పుకుంటాం. అంతటి పండితుడికి గురువైన ఆ కుర్రవాడి గురించి మనం ఎప్పుడైనా వెతికామా?

జమీందారీ రద్దు చట్టం 1951లో వచ్చాక దివాణం కచేరీ పని ఆగిపోయింది. కవిలెకట్టలు చెల్లాచెదురయ్యాయి. కొన్ని ప్రభుత్వ కార్యాలయాలకు చేరి ఉంటాయి. కొన్ని కరణాల ఇళ్లలో అటకలమీద ఉంటాయి. చెదలు ఏ భాషలో రాశారో చూడవు. తెలుగులో రాసినవీ ఒడియాలో రాసినవీ ఒకటిగానే తినేస్తాయి. ఈ ఊరు ఏ రాష్ట్రంలో ఉండాలన్న వాదన 1936లో ఒడిశా ఏర్పడడంతో ముగిసింది. ఆ కట్టల్ని దాచడంలో రెండు భాషలవాళ్లమూ ఒకవైపే నిలబడగలం. కోట తలుపులు ఎప్పుడు తెరుస్తారు, ఎవరు తెరుస్తారు అన్నది మన చేతుల్లో లేదు. ఆ తలుపులు తెరుచుకున్న రోజున లోపల ఏం చెప్పాలో సిద్ధం చేసుకోవడం మాత్రం మన చేతుల్లో ఉంది. దానికి అనుమతి అక్కర్లేదు, నిధులు కూడా పెద్దగా అక్కర్లేదు.

కాబట్టి నేను అడిగేది ఇది. మీ ఇళ్లలో కోటకు సంబంధించిన ఏ కాగితం ఉన్నా పారేయవద్దు. పట్టా, రసీదు, పెళ్లి పిలుపు, రైలు ఉద్యోగపు ఉత్తర్వు, పాత ఫొటో, ఏదైనా సరే. అసలు మీ దగ్గరే ఉంచుకోండి, నకలు ఇవ్వండి చాలు. కోట వంటశాలలో, గుర్రపుశాలలో, తోటలో పనిచేసినవాళ్ల కొడుకులు, కూతుళ్లు, మనవలు ఈ ఊళ్లో ఉన్నారు. కొమ్ముతో కొంగలు, చేపలు చెక్కే పనివాళ్లున్నారు. దివాణంతో వాళ్ల పెద్దలకు ఉన్న సంబంధం ఎలాంటిదో వాళ్లనే అడగాలి. చిన్న రైలు మీద బొగ్గు వేసినవాళ్లు, గార్డులుగా చేసినవాళ్లు తొంభై ఏళ్లకు దగ్గరపడ్డారు. ముందు వాళ్ల దగ్గరికి వెళ్లాలి, ఇది వచ్చే ఏడాదికి వాయిదా వేసుకునే పని కాదు. విద్యార్థులు ఇద్దరిద్దరుగా వెళ్లండి. ఒకరు మాట్లాడాలి, ఒకరు ఫోనులో రికార్డు చేయాలి. ఎదుటివారు తెలుగులో చెబితే తెలుగులో, ఒడియాలో చెబితే ఒడియాలో, సవరలో చెబితే సవర వచ్చిన పిల్లల్ని వెంట తీసుకెళ్లి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాయండి. అందంగా మార్చవద్దు. పేరు, ఊరు, చేసిన పని, జీతం ఎంత, ఏ గుమ్మంలోంచి లోపలికి వెళ్లేవారు, ఏ గుమ్మందాకా వెళ్లనిచ్చేవారు కాదు, ఇవన్నీ అడగండి.

సభ ముగిశాక ఈ బల్ల దగ్గరే కూర్చుంటాను. మీకు తెలిసిన పెద్దవాళ్ల పేర్లు, వీధులు చెప్పండి, ఇప్పుడే రాసుకుంటాను. మొదటి ఇంటికి రేపు పొద్దున్నే వెళదాం. నమస్కారం.